నా హుక్కా సీసా ఊరగాయ జాడీలా ఎందుకు వస్తోంది? 1854 నాటి ఇస్తాంబుల్ కాఫీకొట్టు, నీటిరంగులు

రంగులపెట్టె
మూడు వారాలుగా ఒకే బొమ్మతో కుస్తీ పడుతున్నాను. అమాదియో ప్రెజియోసి 1854లో వేసిన ఇస్తాంబుల్ కాఫీకొట్టు నీటిరంగుల చిత్రానికి అచ్చుప్రతి ఒకటి నా దగ్గర ఉంది. అసలుది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాన్ని మక్కీకి మక్కీ దించడం నా తరం కాదు. అందుకని ఆ వాతావరణం మాత్రం తీసుకుని నాదైన చిన్న బొమ్మ మొదలుపెట్టాను. గోడవారగా పొడుగాటి బల్ల, దానిమీద మఠం వేసుకుని ఒక ముసలాయన, చేతిలో హుక్కా గొట్టం, పక్కన కాఫీ, వెనుక పొయ్యి దగ్గర ఒక కుర్రవాడు. అంతే.

మనుషులు పరవాలేదు. ముసలాయన గడ్డం చూసి మా అమ్మ "అచ్చం మీ తాతయ్య" అంది. పరువంతా హుక్కా దగ్గర పోతోంది. సీసాలో నీళ్లున్నట్టు ఎలా వేసినా ఊరగాయ జాడీ అవుతోంది. పొగ వేస్తే దూది ఏకి అంటించినట్టుంది. ఇప్పటికి నాలుగు కాగితాలు పోయాయి. 300 గ్రాముల నూలు కాగితం, ధర మీకు తెలియనిది కాదు. ఫొటో కింద పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

గుంటూరు_పొగాకు
జాడీ అంటే జాడీకి అవమానం. నాకు కిరసనాయిలు దీపంలా ఉంది.

ఫిల్టరుకాఫీ
ముసలాయన మొహంలో మాత్రం రాత్రి పప్పుచారు బాగా కుదిరిన తృప్తి కనిపిస్తోంది. అది చెరపకండి.

తడికాగితం
జాడీ ఎందుకైందో చెబుతాను. మీరు సీసాకు రంగు వేశారు. గాజుకు రంగు వేయకూడదు. గాజు వెనుక ఏముందో అది వేయాలి. మీ ముసలాయన వెనుక ఇటుకరంగు గోడ ఉంది. ఆ గోడ సీసాలోంచి కూడా కనబడాలి, కాకపోతే కొంచెం వంగి, కొంచెం ముదురుగా. నీళ్లున్నంత మేర ఒకలా, నీళ్లకు పైన ఖాళీ గాజులో ఇంకోలా. ఆ రెండింటి మధ్య నీటిమట్టం సన్నని కోడిగుడ్డు ఆకారపు గీత. మీరు దాన్ని నిలువుగీతలు గీసే పుల్లతో అడ్డంగా కొట్టేశారు. అందుకే జాడీ.

మెరుపుల సంగతి. వాటిని తరువాత తెల్లరంగుతో పెట్టొద్దు. మొదటి నుంచీ కాగితం తెలుపును వదిలేసుకోండి. కిటికీ వెలుగు పడేచోట ఒకటి, దానికి ఎదురుగా అడుగున చిన్నది ఒకటి. రెండు చాలు. మీరు ఏడు పెట్టారు, లెక్కపెట్టాను.

పొగ చెప్పాలంటే ఇంకా ఉంది. రాత్రికి రాస్తాను.

ఇస్తాంబుల్_తెలుగు
నాలుగేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. రంగుల సంగతి నాకు తెలియదు కానీ మీ బొమ్మలో ఒక పెద్ద తప్పుంది, ఎవరూ ఇంకా చెప్పలేదు. పీల్చే గొట్టాన్ని సీసా అడుగున కలిపారు. అక్కడ కలిపితే మీ తాతయ్య పీల్చగానే నోట్లోకి నీళ్లు వస్తాయి.

అసలు పద్ధతి ఇది. పైన మట్టి గిన్నె, ఇక్కడ లూలె అంటారు. అందులో పొగాకు, పొగాకు మీద నిప్పు. గిన్నె కింద నుంచి నిలువు కాడ ఒకటి సీసాలోకి దిగి, కొస నీళ్లలో రెండు మూడు వేళ్ల లోతు మునిగి ఉంటుంది. మనిషి పీల్చే గొట్టం మాత్రం సీసా మెడ దగ్గర, నీళ్లకు పైన ఉండే ఖాళీలోకి తెరుచుకుంటుంది. పీల్చినప్పుడు ఆ ఖాళీలో గాలి తగ్గుతుంది, దాన్ని నింపడానికి పై నుంచి పొగ కాడ గుండా దిగి నీళ్లలో బుడగలై పైకి వస్తుంది. గుడగుడ చప్పుడు అదే. అందుకని నీటిరంగుల్లో మీరు వేయాల్సింది రెండు: సీసాలోపల నిలువుగా కనిపించే కాడ, దాని కొస దగ్గర నాలుగు బుడగలు. మీ బొమ్మలో రెండూ లేవు.

రంగులపెట్టె
అయ్యో. అచ్చుప్రతిలో ఆ భాగం చీకటిగా ఉంది. గొట్టం ఎక్కడ కలుస్తుందో కనబడక నాకు తోచినచోట కలిపేశాను. మూడు వారాలు రంగుల తప్పనుకున్నాను, ఇది గొట్టాల మేస్త్రీ తప్పు.

గుంటూరు_పొగాకు
నలభై ఏళ్లు పొగాకు వ్యాపారం చేసినవాణ్ణి, నీళ్లు పీల్చే హుక్కాను ఇప్పుడే చూస్తున్నాను. వర్జీనియా ఆకు, నాటు ఆకు, చుట్ట ఆకు అన్నీ చూశాను. ఇస్తాంబుల్ గారూ, అక్కడ గిన్నెలో వేసేది ఏ ఆకు?

ఇస్తాంబుల్_తెలుగు
పాత పద్ధతిలో తోంబెకి అనే ఆకు. ఇరాన్ వైపు నుంచి వచ్చేది, బాగా ఘాటు. దాన్ని నీళ్లలో తడిపి, పిండి, గిన్నె మీద చుట్టలా చుట్టి, నిప్పును నేరుగా దానిమీదే పెడతారు. ఇప్పుడు కుర్రకారు తాగే ఆపిల్ వాసన, ద్రాక్ష వాసన హుక్కాలు వేరు. అది బెల్లంపాకం లాంటి దానిలో నానిన పొగాకు, మధ్యలో వెండికాగితం, దానిమీద బొగ్గు. 1854 బొమ్మలో వెండికాగితం కనబడితే మ్యూజియం వాళ్లకు కబురు పెట్టండి.

చరిత్ర_చాదస్తం
మాటల దగ్గర ఒక ముచ్చట. టర్కీలో దీన్ని నార్గిలే అంటారు. పారసీకంలో నార్గీల్ అంటే కొబ్బరికాయ. అది మన నారికేళమే, సంస్కృతం నుంచి అటు వెళ్లింది. మొదట్లో నీళ్లు పోసే పాత్ర కొబ్బరి చిప్పే కాబట్టి ఆ పేరు నిలిచింది. ఈజిప్టులో షీషా అంటారు. పారసీకంలో షీషా అంటే గాజు. మన సీసా అదే. గొట్టాన్ని టర్కీలో మార్పూచ్ అంటారు. మార్ అంటే పాము, పీచ్ అంటే మెలిక, అంటే పాము చుట్ట. మనం పడే పేచీ కూడా ఆ మెలికే.

అంటే రంగులపెట్టె గారు మూడు వారాలుగా నారికేళం సీసాతో పేచీ పడుతున్నారు.

ఫిల్టరుకాఫీ
ఈ ఒక్క వాక్యానికి ఈ చర్చ ఇక్కడే ముగించవచ్చు.

డాక్టరమ్మ
ముగించకండి, నా వంతు ఉంది. బొమ్మ వేయండి, కాదనను. కానీ "నీళ్లలోంచి వస్తుంది కాబట్టి శుభ్రం" అనే మాట ఈ చర్చలో ఇంకా ఎవరూ అనలేదు, అనే లోపే చెబుతున్నాను. నీళ్లు పొగను చల్లబరుస్తాయి. విషాలను ఆపవు. చల్లగా ఉండడం వల్ల మనిషి ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసేపు పీలుస్తాడు. ఒక్క కూర్చోడంలో హుక్కా తాగేవాడి లోపలికి వెళ్లే పొగ, 100 సిగరెట్ల పొగతో సమానం లేదా అంతకు మించి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే హెచ్చరించింది. పైగా బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వేరే. తల తిరిగి పడిపోయి అత్యవసర విభాగానికి వచ్చిన కుర్రవాళ్లను చూశాను. "ఆంటీ, అది పండ్ల వాసన హుక్కా" అంటారు. ఒకే గొట్టం నలుగురి నోళ్లు తిరగడం ఇంకో సంగతి. క్షయ ఉన్న మన దేశంలో దాని గురించి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

పాతబస్తీ_67
డాక్టరమ్మ గారూ, తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో శాసనసభ చట్టం సవరించి హుక్కా కేంద్రాలను నిషేధించింది. ఇక్కడ ఇప్పుడు కాగితం మీద వేసుకునే హుక్కా ఒక్కటే మిగిలింది.

డాక్టరమ్మ
కాగితం మీది హుక్కాకు నా పూర్తి మద్దతు.

సూటిమాట
అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి అడ్డం తగులుతాను. ఈ తూర్పుదేశపు కాఫీకొట్టు బొమ్మలన్నీ ఒకే మూస. తెల్లదొర వస్తాడు, గడ్డాలు, తలపాగాలు, పొగ, మత్తుకళ్లు గీసుకుంటాడు, తన దేశంలో అమ్ముకుంటాడు. ఆ దేశంలో ఎవరూ పని చేయనట్టు, అందరూ పొద్దస్తమానం గొట్టం పట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది. అదే పద్ధతిలో రంగులపెట్టె గారు ఇంకో సోమరిపోతు ముసలాయన్ని తయారుచేస్తున్నారు. ఎందుకు?

రంగులపెట్టె
మా తాతయ్యను సోమరిపోతు అన్నారని అమ్మకు చెప్పను.

చరిత్ర_చాదస్తం
సూటిమాట గారి మాటలో సగం నిజం. ఆ సగం చాలామందికి వర్తిస్తుంది, ప్రెజియోసికి అంతగా వర్తించదు.

ఆయన మాల్టా దీవి మనిషి, 1816లో వాలెట్టాలో పుట్టాడు. 1842లో ఇస్తాంబుల్ వెళ్లాడు, 1882లో అక్కడే వేటలో తుపాకి పొరపాటున పేలి పోయాడు. నలభై ఏళ్లు. చుట్టపుచూపు కాదు కదా. పేరా పేటలో పనిగది పెట్టుకుని వచ్చేపోయే ప్రయాణికులకు బొమ్మలు అమ్మాడు, అది నిజమే. 1854 అంటే క్రిమియా యుద్ధం నడుస్తున్న కాలం, రష్యా మీద టర్కీ పక్షాన ఇంగ్లండ్, ఫ్రాన్స్ దిగిన యుద్ధం. ఇంగ్లిషు, ఫ్రెంచి సైనికులతో ఊరు కిక్కిరిసింది. ఇంటికి పట్టుకెళ్లడానికి వాళ్లకు బొమ్మ కావాలి, ఫొటో ఇంకా ఇంటింటికీ చేరలేదు. అందుకే నీటిరంగులు. త్వరగా ఆరతాయి, చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు, నూనెరంగుల కంటే చవక. ఒకే రకం బొమ్మను మళ్లీ మళ్లీ వేసి అమ్మాడు కూడా. 1858లో ప్యారిస్‌లో రాతి అచ్చు బొమ్మల పుస్తకం వేయించాడు.

ఇక సోమరితనం మాట. ఆ బొమ్మలో తలలు చూడండి. రకరకాల టోపీలు, తలపాగాలు. 1829లో సుల్తాను రెండో మహమూద్ కొలువులో ఉద్యోగులందరికీ ఫెజ్ టోపీ తప్పనిసరి చేశాడు. మతపెద్దలు తలపాగా ఉంచుకున్నారు. అంటే పాతికేళ్ల తరువాత ఒకే బల్లమీద ఫెజ్ పెట్టుకున్న గుమాస్తా, తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి పక్కపక్కన కూర్చుంటే అది ఒక ఊరు మారిపోతున్న దృశ్యం. మత్తుకళ్ల బొమ్మ కాదు.

సూటిమాట
నలభై ఏళ్లు ఉన్నంత మాత్రాన కొనేవాడి కన్ను మారదు. కొనేవాడు సైనికుడు. సైనికుడికి కావాల్సింది గడ్డం, గొట్టం. గుమాస్తా లెక్కలు రాస్తున్న బొమ్మ ఎంతమంది కొన్నారు చెప్పండి?

చరిత్ర_చాదస్తం
ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, మీ దెబ్బ తగిలింది. కానీ తేడా చూపిస్తాను. జాన్ ఫ్రెడరిక్ లూయిస్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు 1841 నుంచి పదేళ్లు కైరోలో ఉన్నాడు. 1850లో అతని అంతఃపురం నీటిరంగుల చిత్రం లండన్ ప్రదర్శనలో పెద్ద సంచలనం. పరాయి మగవాణ్ణి అంతఃపురం గడప తొక్కనివ్వరు. 1851లో ఇంగ్లండ్ తిరిగివెళ్లాక కూడా ఏళ్ల తరబడి అక్కడి నుంచే కైరో బొమ్మలు వేశాడు. అది ఊహ. కాఫీకొట్టు అలా కాదు. రెండు నాణేలుంటే ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ప్రెజియోసి కూర్చున్నాడు.

మీనాక్షి_గీతలు
"ఎవరైనా" అన్నారు. మగవాళ్లు ఎవరైనా అనండి. ఆ కాఫీకొట్లలో ఆడవాళ్లు లేరు. కానీ కాఫీ, నార్గిలే రెండూ ఇంట్లోనూ ఉండేవి, ఆడవాళ్లూ తాగేవారు. 1717లో లేడీ మేరీ మాంటేగ్యూ అనే ఇంగ్లిషు దొరసాని ఆడవాళ్ల స్నానశాలలోకి వెళ్లి, అక్కడ కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే వాళ్లను చూసి ఉత్తరం రాసింది. అది ఆడవాళ్ల కాఫీకొట్టు లాంటిదే అని ఆమె భావం. గడప లోపలికి వెళ్లగలిగిన మనిషి రాసింది కాబట్టి ఆ ఉత్తరం విలువ వేరు.

శ్రీకాకుళం వైపు మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లోపల. ఎవరూ బొమ్మ వేయలేదు.

గుంటూరు_పొగాకు
అడ్డపొగ ముందు నార్గిలే ఎంత? ఒకరు నిప్పుకు, నోటికి మధ్య గజం పొడుగు గొట్టం పెట్టుకున్నారు. మన ముసలమ్మలు మధ్యలో ఏమీ పెట్టుకోలేదు.

డాక్టరమ్మ
అంగిలి పుండ్లు, క్యాన్సర్ చూసినదాన్ని, ఇందులో గర్వపడేదేమీ లేదు. మీనాక్షి గారూ, అమ్మమ్మగారి బొమ్మ మీరే వేయండి.

తడికాగితం
రాత్రి అన్నాను, రెండు రాత్రులు గడిచాయి. పొగ.

పొగ తెల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. చూసి వేసేవాళ్లు అలా వేయరు. అగరుబత్తి వెలిగించి ముదురురంగు తలుపు ముందు పట్టుకోండి, నీలంగా కనిపిస్తుంది. అదే అగరుబత్తిని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకోండి, కాస్త గోధుమరంగుకు తిరుగుతుంది. నిప్పు నుంచి నేరుగా లేచే పొగలో రేణువులు మరీ సన్నం కాబట్టి అలా. మనిషి పీల్చి వదిలిన పొగ వేరు. అది లోపల తేమ పట్టి, రేణువులు లావై, బూడిద తెలుపులో వస్తుంది. అందుకని మీ బొమ్మలో రెండు పొగలు ఉండాలి. లూలె మీద నిప్పు నుంచి సన్నని నీలిపోగు, ముసలాయన నోటి నుంచి మందమైన తెలిమబ్బు. మీరు రెండూ ఒకే దూదితో వేశారు.

వేసే పద్ధతి: వెనుక గోడ తడిగా ఉండగానే, పొగ పోయే దారిలో శుభ్రమైన తడికుంచెతో రంగును ఎత్తేయండి. అంచులు ఒక పక్క కరిగిపోవాలి, ఒక పక్క కొద్దిగా నిలవాలి. అన్నివైపులా కరిగితే పొగమంచు, అన్నివైపులా నిలిస్తే దూది. బూడిదకు నల్లరంగు ముట్టుకోవద్దు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలపండి. నీలం ఎక్కువైతే నిప్పుపొగ, సియెన్నా కాస్త పెరిగితే నోటిపొగ.

మళ్లీ చెబుతున్నాను, తెల్లరంగు వాడొద్దు.

కుంచెకోతి
ఈ తెల్లరంగు పట్టుదల నాకు అర్థం కాదు. చరిత్ర గారు చెప్పిన ఆ లూయిస్ నీటిరంగుల్లో తెలుపు కలిపిన ముద్దరంగు ఎడాపెడా వాడాడు. అల్లిక జాలీలు, పట్టు అంచులు అన్నీ దానితోనే. నీటిరంగుల సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఆయనకు లేని మడి మనకెందుకు?

తడికాగితం
అధ్యక్షుడయ్యాడు, 1858లో రాజీనామా చేసి నూనెరంగులకు వెళ్లిపోయాడు కూడా. అంత ముద్ద పూసేవాడు చివరికి అటే వెళ్తాడు.

కుంచెకోతి
వెళ్లింది డబ్బు కోసం! నీటిరంగుల్లో పడే చాకిరీకి తగ్గ డబ్బు రావడం లేదనే ఆయన బాధ. తెల్లరంగు మీద నేరం మోపకండి.

మధ్యవర్తి
తెల్లరంగు మీద పోయినసారి జరిగిన చర్చ 212 జవాబుల తరువాత తాళం వేయించుకుంది. ఇక్కడ కాఫీకొట్టులో ఉండండి.

బీదరు_చేతిపని
కాఫీకొట్టులోనే ఉంటాను కానీ కొంచెం దక్కను వైపు లాగుతాను. సీసా ఆకారం గురించి. ఇస్తాంబుల్‌లో గాజు కాబట్టి లోపల కాడ, బుడగలు కనిపిస్తాయి. మన దగ్గర హుక్కా అడుగుపాత్ర బీదరు పని. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నలుపెక్కిస్తారు. లోపల ఏముందో కనబడదు, అందుకని చూపంతా పైపూల పనిమీదే. పాత పాత్రలు, అంటే 17వ శతాబ్దంవి, గుండ్రటి బంతుల్లా ఉంటాయి. నేల మీద నిలవవు, కింద ఒక చుట్టకుదురు కావాలి, కుండకు పెట్టినట్టు. 18వ శతాబ్దం వచ్చేసరికి అడుగు వెడల్పై గంట ఆకారం వచ్చింది, దాని మీద అదే నిలుస్తుంది. హైదరాబాదు వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో బీదరు పనితనం చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు పూలకుండీలనుకుని ముందుకు నడిచాను. మా నాన్న చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

రంగులపెట్టె గారి సీసా ఆ బంతి రకానికి దగ్గరగా ఉంది. కుదురు మరిచారు. అది ఈపాటికి దొర్లిపోయి ఉండాలి.

పాతబస్తీ_67
హుక్కాను కనిపెట్టింది మనవాళ్లే కదా? అక్బరు వైద్యుడు హకీం అబుల్ ఫతే గిలానీ, పొగాకు చెడ్డదని నీళ్లలోంచి వచ్చేలా చేశాడని మా మాస్టారు చెప్పారు.

చరిత్ర_చాదస్తం
మంచి కథ, లెక్క కుదరదు. ఆ హకీం 1589లో చనిపోయాడు. అక్బరు దర్బారులోకి పొగాకు వచ్చింది 1604 ప్రాంతంలో, బీజాపూర్ నుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి తెచ్చాడు. రత్నాలు పొదిగిన గొట్టంతో సహా పళ్లెంలో పెట్టి పాదుషా ముందుంచాడు. అక్బరు కొంచెం పీల్చాడు, వైద్యులు వద్దని వారించారు. కొత్తది కాబట్టి చెడ్డదనడం ఎలా అని అసద్ బేగ్ వాదించాడు. ఇదంతా అతనే రాసుకున్నాడు. 1617లో జహంగీరు నిషేధించాడు, ఎవరూ మానలేదు.

డాక్టరమ్మ
వైద్యులు వద్దన్నారు, పాదుషా ముందే పీల్చాడు. నాలుగు వందల ఏళ్లయింది, నా గదిలో ఇంకా అదే సంభాషణ.

ఫిల్టరుకాఫీ
అందరూ పొగలో పడి కాఫీని వదిలేశారు. కాఫీకొట్టు అని పేరు పెట్టి పొగ చర్చ. ముందు వచ్చింది కాఫీయే కదా?

చరిత్ర_చాదస్తం
చాలా ముందు. ఇస్తాంబుల్‌లో మొదటి కాఫీకొట్లు 1550ల్లో తఖ్తకలే పేటలో తెరిచారు. తెరిచింది ఇద్దరు, ఒకరు అలెప్పో మనిషి, ఇంకొకరు డమాస్కస్ మనిషి. పొగాకు ఆ ఊరికి వచ్చింది 1600 ప్రాంతంలో. అంటే సుమారు యాభై ఏళ్లు కాఫీకొట్లు పొగ లేకుండానే కళకళలాడాయి. చదరంగం, కబుర్లు, కథలు. అవి ప్రభుత్వానికి ఎప్పుడూ నచ్చలేదు. ఇద్దరు కూర్చుంటే కబురు, నలుగురు కూర్చుంటే రాజకీయం. 1633లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక నాలుగో మురాద్ సుల్తాను కాఫీకొట్లు మూయించాడు, పొగాకు తాగితే మరణశిక్ష అన్నాడు. నిజంగానే చంపించాడు. ఆయన పోయాక కొట్లు మళ్లీ తెరుచుకున్నాయి.

సూటిమాట
ఇది ముందే చెప్పాల్సింది. తల పోతుందని తెలిసీ వెళ్లి కూర్చున్న చోటు సోమరిపోతుల చోటు కాదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి అలాగే ఉంచుతున్నాను.

రంగులపెట్టె
అమ్మకు చెప్పాను. ముందు తిట్టింది, తరువాత సంతోషించింది.

పాతబస్తీ_67
కథలు అన్నారు. అక్కడ ఎలాంటి కథలు?

ఇస్తాంబుల్_తెలుగు
మెద్దా అనే కథకుడు ఉండేవాడు. ఎత్తు కుర్చీ, చేతిలో కర్ర, భుజాన తుండుగుడ్డ. అంతే సరంజామా. పదిమంది గొంతులు ఒక్కడే పలికేవాడు. మన హరిదాసు చిడతలు పక్కనపెట్టి కూర్చున్నట్టు ఊహించుకోండి. రంజాన్ రాత్రుల్లో కాఫీకొట్లలో కరగోజ్ ఆడేవారు. తెరవెనుక దీపం, ఒంటెతోలు బొమ్మలు. మన తోలుబొమ్మల కంటే చాలా చిన్నవి, జానెడు పైన. కేతిగాడి వరస అక్కడ కరగోజ్‌ది, నోటిదురుసు, కడుపాకలి.

ఇప్పుడు ఆ కొట్లు వేరు. 2009 జులై నుంచి ఇక్కడ మూసిన గదుల్లో పొగ నిషేధం, అందుకని నార్గిలే అంతా వాకిళ్లలోకి, పందిళ్ల కిందికి వచ్చింది. పాత బజారు దగ్గర చోర్లులు అలీ పాషా మదర్సా వాకిలి ఉంది, 18వ శతాబ్దపు కట్టడం. నేను తాగను. మావాళ్లు ఎవరొచ్చినా చూపించమంటారు, తీసుకెళ్లి టీ తాగుతూ కూర్చుంటాను. అక్కడ నాకు నచ్చేది నిప్పుల కుర్రవాడు. పొడుగుపిడి ఇనుప గిన్నెలో నిప్పులు ఊపుకుంటూ బల్లల మధ్య తిరుగుతాడు. ఎవరూ పిలవరు. ఎవరి గిన్నెమీద బొగ్గు బూడిదైందో దూరం నుంచే చూసి వస్తాడు, పట్టకారుతో పాతది తీసి కొత్తది పెడతాడు, వెళ్లిపోతాడు. తాగేవాడు మాట ఆపడు, తల ఎత్తడు.

తడికాగితం
రంగులపెట్టె గారూ, మీ వెనుక కుర్రవాడికి చేతిలో ఏమీ లేదు. ఆ నిప్పుల గిన్నె ఇవ్వండి. బొమ్మలో రెండో వెలుగు దొరుకుతుంది, కింది నుంచి అతని గడ్డానికి ఎర్రజీర.

ఫిల్టరుకాఫీ
నా కాఫీ ఇంకా రాలేదు.

ఇస్తాంబుల్_తెలుగు
వస్తోంది. పొడి మైదాపిండి అంత మెత్తగా ఉండాలి. పొడుగుపిడి చిన్న గిన్నెలో, జెజ్వే అంటారు, నీళ్లు, పొడి, చక్కెర అన్నీ ముందే కలిపి సన్నటి సెగ మీద పెడతారు. నురగ లేచి పొంగబోయే క్షణంలో దించాలి. వడకట్టరు. మడ్డి అడుక్కి దిగేదాకా ఆగి పైది తాగాలి. మావాళ్లు ఒకరు చివరి గుక్క కూడా లాగించి పళ్లన్నీ నల్లగా చేసుకుని ఫొటో దిగారు.

కప్పు సంగతి బొమ్మ కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో ఫింజాన్ చాలా చిన్నది, పిడి ఉండదు. వేడికి పట్టుకోలేరు కాబట్టి ఇత్తడి లేదా వెండి గూడు ఒకటి, జర్ఫ్ అంటారు, అందులో కూర్చోబెట్టి ఇచ్చేవారు. పిడి ఉన్న కప్పు వేయకండి.

ఫిల్టరుకాఫీ
గ్లాసుకు డబరా లాగా, కప్పుకు జర్ఫ్. వాళ్లు మనవాళ్లే. వడకట్టకపోవడం మాత్రం క్షమించను.

రంగులపెట్టె
పన్నెండు రోజుల తరువాత వస్తున్నాను. అయిదో కాగితం. అగరుబత్తి వెలిగించి మా పూజగది తలుపు ముందు గంటసేపు కూర్చున్నాను. నీలంగా ఉంది, నిజం. ఇన్నేళ్లు రోజూ వెలిగించాను, ఒక్కరోజూ చూడలేదు. అమ్మ నాకు భక్తి కుదిరిందనుకుంది.

గొట్టం మెడకు మార్చాను. కాడ వేశాను, బుడగలు అయిదు వేశాను. అయిదో బుడగ అనుకోకుండా పడింది, బాగుందని ఉంచాను. సీసా కింద చుట్టకుదురు పెట్టాను. కుర్రవాడికి నిప్పుల గిన్నె ఇచ్చాను. మెరుపులు రెండే, తడికాగితం గారూ. ఫొటో పెట్టాను.

బీదరు_చేతిపని
ఇస్తాంబుల్ గాజుసీసాకు బీదరు కుదురు. చరిత్ర గారు నిద్రపోరు. కానీ దొర్లదు.

మీనాక్షి_గీతలు
నోటిపొగ ముసలాయన కనుబొమ్మ దగ్గర తెగి మళ్లీ కలిసింది చూశారా? అక్కడ అంచు ఎంత బాగా వదిలారు. నేను అమ్మమ్మ బొమ్మ మొదలుపెట్టాను. వేరే చర్చ తెరుస్తాను.

సూటిమాట
బాగుంది. గుమాస్తాను కూడా వేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఇస్తాంబుల్_తెలుగు
హుక్కా సరిపోయింది. ఇక్కడి స్నేహితుడికి చూపించాను, గొట్టం మెలిక చూసి తల ఊపాడు. కానీ కాఫీ కప్పుకు కుడివైపు పిడి ఉంది. చెప్పాను కదండీ.

రంగులపెట్టె
అది పిడి కాదు. ఈగ. ఇప్పుడే రెక్కలు పెట్టాను.

తడికాగితం
రెక్కలకు తెల్లరంగు వాడలేదు కదా?